ఎలా పడ్డారు?



మాకు సర్జరీ నేర్పిన మాస్టారి స్మారకోపన్యాసం ఇవ్వమన్నప్పుడు విషయం కోసం నేను వెతుక్కోవలసిన పని పడలేదు. మాస్టారు నేర్పిన ఆపరేషన్లలో సగం ఇవాళ ఎవరూ చెయ్యడం లేదు. దవడ విరిగితే ఆయన పై పళ్ళకీ కింది పళ్ళకీ తీగలు కట్టి నోరు నాలుగైదు వారాలు మూసి ఉంచేవారు. రోగి అన్నాళ్ళూ జావతో, మజ్జిగతో బతికేవాడు. ఇప్పుడు చిన్న టైటానియం ప్లేటు వేసి నాలుగు స్క్రూలు బిగిస్తే చాలా మంది కొద్ది రోజుల్లోనే మెత్తన్నం తింటున్నారు. పనిముట్లు మారాయి, మత్తు మారింది, సీటీ స్కాన్ వచ్చింది. ఆయన అడిగే ఒక ప్రశ్న మాత్రం మారలేదు. దాని గురించే మాట్లాడతాను.

నేను హౌస్ సర్జన్‌గా చేరిన మొదటి వారం. రాత్రి రెండింటికి ఒక పాతికేళ్ళ కుర్రాణ్ణి తీసుకొచ్చారు. కింది దవడ విరిగింది, ముందు పళ్ళు రెండు లేవు. రిజిస్టర్‌లో పేరు, వయసు రాసి కారణం గడిలో 'ఆర్‌టీఏ' అని రాశాను. రోడ్డు ప్రమాదానికి ఆస్పత్రుల్లో వాడే పొట్టి పేరు అది. పొద్దున్నే రౌండ్స్‌కి వచ్చిన మాస్టారు ఆ గడి మీద వేలు పెట్టారు. "బండి మీద ఉన్నాడా, నడిచి వెళ్తున్నాడా?" అన్నారు. తెలియదన్నాను. "బండి నడిపాడా, వెనక కూర్చున్నాడా? నెత్తిన హెల్మెట్ ఉందా? దేన్ని గుద్దాడు?" ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. "దవడను చూశావు, మనిషిని చూడలేదు. వెళ్ళి అడిగి రా" అన్నారు.

కుర్రాడు మాట్లాడలేడు. కాగితం ఇస్తే రెండే మాటలు రాశాడు: వడ్లు, రాయి. వరికోతల రోజులవి. ఆరబెట్టడానికి కళ్ళాలు చాలక రైతులు సగం రోడ్డు మీద వడ్లు పోస్తారు. రాత్రికి వాటి మీద నల్ల పట్టా కప్పి, గాలికి ఎగిరిపోకుండా చుట్టూ రాళ్ళు పెడతారు. చీకట్లో నల్ల రోడ్డు మీద నల్ల పట్టా కనిపించదు. రాయి అసలే కనిపించదు. ఆ వారం వార్డులో దవడలు విరిగి పడుకున్న మరో ఇద్దర్ని కూడా అడిగాను. ఒకాయనదీ అదే కథ, అదే రోడ్డు. నేను రాసిన మూడక్షరాల్లో ఆ రోడ్డూ లేదు, ఆ రాయీ లేదు. వడ్లు ఎండబెట్టుకోవడానికి చోటు లేని రైతూ లేడు.

మాస్టారు అవన్నీ ఎందుకు అడిగారో ఎముకలే చెబుతాయి. ముఖంలో పద్నాలుగు ఎముకలుంటాయి. వాటిలో కదిలేది కింది దవడ ఒక్కటే. దెబ్బ ఎటు నుంచి వచ్చింది, ఎంత జోరుగా తగిలింది, తగిలిన వస్తువు మొనదేలిందా వెడల్పైనదా అన్నదాన్ని బట్టి ఏ ఎముక ఎక్కడ విరుగుతుందో చాలావరకు తేలిపోతుంది. అన్నిటికన్నా తక్కువ జోరుకే విరిగేది ముక్కు దూలం. ముఖంలో ముందుకు పొడుచుకుని ఉన్నది అదే, పైగా పలచన. చెంప ఎముకకు అంతకన్నా గట్టి దెబ్బ కావాలి. నుదుటి ఎముక పగలాలంటే చాలా పెద్ద జోరు ఉండాలి. కాబట్టి నుదురు పగిలి వచ్చిన మనిషిలో ముఖం సంగతి తర్వాత చూడాలి, ముందు మెదడూ మెడా చూడాలి. ముఖం మధ్య భాగం పందిరి లాంటిది. కింద నుంచి పైకి నిలువుగా గుంజల్లాంటి గట్టి ఎముకలు, మధ్యలో గాలి నిండిన గదులు. నమిలేటప్పుడు కింద నుంచి వచ్చే బరువును ఆ గుంజలు జీవితమంతా మోస్తాయి. ఎదురుగా గుద్దితే మాత్రం పందిరి కూలినట్టు కూలుతుంది.

ఆ కూలడంలోనూ ఒక వరస ఉందని చూపించినవాడు ఫ్రాన్స్‌లోని లీల్ నగరానికి చెందిన రెనే లెఫోర్ట్. ఆయన 35 శవాల తలల మీద రకరకాల దెబ్బలు వేసి, తర్వాత మాంసం ఒలిచి, ఎముక ఏ గీతల వెంట చీలిందో చూసి 1901లో ప్రచురించాడు. పళ్ళున్న పై దవడ మాత్రమే ఊడి రావడం ఒకటి, ముక్కుతో కలిపి పిరమిడ్‌లా ఊడి రావడం రెండు, ముఖం మొత్తం పుర్రె నుంచి వేరవడం మూడు. నూట ఇరవై ఏళ్ళు దాటినా మా పిల్లలు ఆ మూడు గీతలే నేర్చుకుని పరీక్షలు రాస్తున్నారు. కాని హైవే మీద లారీని గుద్దిన మనిషి ముఖంలో ఆ గీతలు అంత శుభ్రంగా కనిపించవు. ఒక వైపు ఒక రకం, రెండో వైపు మరో రకం, మధ్యలో ముక్కలు ముక్కలు. లెఫోర్ట్ నాటి రోడ్ల మీద ఇంత వేగం లేదు.

కింది దవడ లాడం ఆకారంలో ఉంటుంది. రెండు కొసలూ చెవుల ముందు కీళ్ళలో కూర్చుంటాయి కాబట్టి పుర్రెతో కలిపి చూస్తే అదొక వలయం. చేగోడీని ఒకచోట విరవబోతే రెండుచోట్ల విరుగుతుంది. దవడా చాలాసార్లు అంతే. గడ్డం కుడివైపు విరిగి ఉంటే ఎడమ చెవి ముందరి కీలు దగ్గర తప్పకుండా చూడాలి. జ్ఞానదంతం లోపల ఇరుక్కుని ఉన్నవాళ్ళకి దవడ మూల బలహీనంగా ఉంటుంది. పక్క నుంచి గుద్దు తగిలితే అక్కడే విరుగుతుంది. నేరుగా గడ్డం కింద దెబ్బ తగిలితే ఆ జోరు దవడ వెంట పైకి పోయి రెండు చెవుల ముందూ కీలు కిందుండే సన్నని మెడలు విరుగుతాయి. ఇంగ్లండులో కవాతులో గంటలకొద్దీ నిటారుగా నిలబడి కళ్ళు తిరిగి, చేతులు అడ్డం పెట్టుకోకుండా బోర్లా పడిన సైనికుల్లో ఈ గాయం కనిపిస్తుంది. అందుకే దానికి సిపాయి పేరే పెట్టారు.

వెనక వరసలో కూర్చున్న హౌస్ సర్జన్లూ, ఇక్కడ కొంచెం ఆగుతాను. మీకు ఈ సాయంత్రం చెప్పాలనుకున్న మాటల్లో అన్నిటికన్నా అవసరమైనది ఇది. ఐదేళ్ళ పిల్లాడు పిట్టగోడ లేని డాబా మీద నుంచో, జామచెట్టు మీద నుంచో పడతాడు. గడ్డం కింద అంగుళం మేర చర్మం తెగుతుంది. తల్లి కొంగుతో అదిమిపెట్టి తీసుకొస్తుంది. మీరు శుభ్రం చేసి, మూడు కుట్లు వేసి, టీటీ ఇంజెక్షన్ రాసి పంపిస్తారు. వారానికి గాయం మానిపోతుంది. ఆరేడేళ్ళ తర్వాత ఆ పిల్లాడే మళ్ళీ వస్తాడు. నోట్లోకి వేలు దూరదు. నమలలేక అన్నం పళ్ళ సందున తోసుకుంటున్నాడు. కింది దవడ ఎదగక గడ్డం లోపలికి పోయింది. రాత్రి గురకతో ఊపిరి ఆగి ఆగి వస్తోంది. బళ్ళో పిల్లలు పిట్టముఖం అని పిలుస్తున్నారు. ఆ రోజు గడ్డం కింద తగిలిన దెబ్బ కీలు మెడను విరిచింది. ఎవరూ చూడలేదు. లోపల చేరిన నెత్తురు గడ్డకట్టి ఎముకై, దవడ పుర్రెకు అతుక్కుపోయింది.

ఇలాంటి పిల్లలకు నేను ఆపరేషన్లు చేశాను. మత్తు ఇచ్చే డాక్టరుకు గొంతులోకి గొట్టం వెయ్యడానికి నోరు తెరుచుకోదు. ముక్కులోంచి సన్నని కెమెరా పంపి వెయ్యాలి. అతుకు తొలగించాక కూడా నెలల తరబడి రోజూ ఏడుస్తూ నోరు తెరిచే కసరత్తు చేయాలి. లేకపోతే మళ్ళీ అతుక్కుంటుంది. ఇంతా చేసి ఆ ముఖం మామూలుగా ఎదగడానికి ఇంకో రెండు మూడు ఆపరేషన్లు పట్టవచ్చు. దీనంతటికీ మొదట్లో కావలసింది ఒక నిమిషం. కుట్లు వేసిన చేతులతోనే చూపుడువేళ్ళు పిల్లాడి రెండు చెవుల ముందూ పెట్టి, నోరు తెరవమనండి. నొప్పి ఉందా, గడ్డం ఒక పక్కకు పోతోందా, పళ్ళు మునుపటిలా కలుస్తున్నాయా చూడండి. అనుమానం ఉంటే స్కాన్ తీయించండి. చాలామంది పిల్లలకు ఆపరేషన్ కూడా అక్కర్లేదు. కొద్దిరోజులు మెత్తని తిండి, తర్వాత నోరు కదిలించే కసరత్తు, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోవడం సరిపోతుంది.

పిల్లల విషయంలోనే మరొకటి. క్రికెట్ బంతో, తోటి పిల్లాడి మోచెయ్యో కంటికి తగులుతుంది. కంటిగుడ్డు కింద ఎముక ఉల్లిపొరలా ఉంటుంది. పెద్దవాళ్ళలో అది పెళుసుగా పగులుతుంది. పిల్లల్లో లేత కొమ్మలా వంగి, తలుపు తెరుచుకున్నట్టు తెరుచుకుని, మళ్ళీ మూసుకుంటుంది. ఆ సందులో కంటిని కదిలించే కండ ఇరుక్కుంటుంది. పైకి చూస్తే కన్ను తెల్లగా, మామూలుగా ఉంటుంది. కమిలి కూడా ఉండదు. పిల్లాడు మాత్రం వాంతులు చేసుకుంటూ, నాడి నెమ్మదించి, నీరసంగా పడి ఉంటాడు. తలకు దెబ్బ తగిలిందేమోనని మెదడు స్కాన్ తీస్తారు, బాగుందంటారు, గమనించమని పడుకోబెడతారు. "నాన్నా, పైకి చూడు" అని ఒక్కమాటు అడిగితే ఆ కన్ను పైకి పోలేక నిజం చెప్పేస్తుంది. ఆ కండను త్వరగా, వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే విడిపించాలి. ఆలస్యమైతే ఒకటి రెండుగా కనిపించడం జీవితాంతం మిగలవచ్చు.

ఇక రోడ్డు. మన దేశంలో ముఖం ఎముకలు విరిగి ఆస్పత్రికి వచ్చేవాళ్ళలో రోడ్డు ప్రమాదాలదే పెద్ద వాటా. అందులోనూ బండి మీద వెళ్ళే పడుచువాళ్ళదే. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది రెండు చక్రాల బండి మీద ఉన్నవాళ్ళు. హెల్మెట్ లేక చనిపోయినవాళ్ళు 50,029 మంది. ఇవి ప్రాణం పోయినవాళ్ళ లెక్కలు. ముఖం పోయి బతికినవాళ్ళకు ఇంత కచ్చితమైన జాతీయ లెక్క లేదు. వాళ్ళు మా వార్డుల్లో ఉంటారు.

హెల్మెట్ ఉందా అని అడిగితే సరిపోదని మాస్టారి దగ్గర నేర్చుకున్నాం. ఎలాంటిదో అడగాలి. టోపీలా నెత్తిన బోర్లించుకునేది మెదడును కొంత కాస్తుంది, దవడను గాలికి వదిలేస్తుంది. గడ్డాన్ని కూడా కప్పే నిండు హెల్మెట్ అయినా పట్టీ బిగించకపోతే మనిషి కన్నా ముందు హెల్మెట్ రోడ్డు మీద పడుతుంది. నా దగ్గరికొచ్చిన ఒకాయన హెల్మెట్ పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుని వెళ్తున్నాడు. చౌరస్తాలో పోలీసు కనిపిస్తే తగిలించుకుందామని. అది దొర్లి హ్యాండిల్‌కి అడ్డం పడి బండి తిరగబడింది. చట్టం నాలుగేళ్ళు దాటిన ప్రతి మనిషికీ హెల్మెట్ ఉండాలంటోంది, వెనక కూర్చున్నవాళ్ళకు కూడా. వెనక ఒకవైపు కాళ్ళు పెట్టి, చంకలో బిడ్డతో, పట్టుకోవడానికి ఏమీ లేకుండా కూర్చున్న తల్లి గతుకు దగ్గర ఎగిరి వెనక్కి పడుతుంది. చున్నీ చక్రంలో చుట్టుకుని లాగేస్తే మెడకూ ముఖానికీ ఒకేసారి గాయాలవుతాయి. ఇవన్నీ ఒకే 'ఆర్‌టీఏ' కింద రాస్తే, ఎవరికి ఏం చెప్పాలో మనకే తెలియదు.

డాక్టర్లు దెబ్బ ఎలా తగిలిందన్న ప్రశ్న వదలకుండా అడిగిన చోట్ల రోడ్లే మారాయి. 1935లో లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరొందిన టి.ఇ. లారెన్స్ మోటారు సైకిల్ ప్రమాదంలో తలకు గాయమై చనిపోయాడు. ఆయన్ను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఒకడు. ఆ మరణం ఆయన్ను వదల్లేదు. యుద్ధకాలంలో సైన్యపు ఉత్తరాలు మోసే మోటారు సైకిలిస్టుల గాయాలు కూడబెట్టి, 1941లో హెల్మెట్ విలువ చూపిస్తూ వ్యాసం రాశాడు. అమెరికాలో డెట్రాయిట్‌లో క్లెయిర్ స్ట్రెయిత్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1930లలోనే, తన దగ్గరికొచ్చే ఛిద్రమైన ముఖాల్లో చాలావరకు కారు ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నవాళ్ళవని గమనించాడు. డాష్‌బోర్డు మీది లోహపు బొడిపెలు తీసెయ్యమని, మెత్త వెయ్యమని కార్ల కంపెనీల వెంట పడ్డాడు. వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ మూడు చోట్ల బిగించే సీటు బెల్టు తయారుచేసింది చాలా తర్వాత, 1959లో. స్ట్రెయిత్ చేతిలో ఉన్నది కుట్లు వేసే సూది. దానితో ఆగకుండా ఆ ముఖం ఎక్కడ తగిలిందో వెళ్ళి కారులో చూశాడు. మాస్టారు ఈయన కథ చెప్పేటప్పుడు లేచి నిలబడేవారు.

అంత పెద్ద పని మనకు ఎక్కడ వస్తుందని అనుకోకండి. ఒక వేసవిలో మా యూనిట్‌లో వరసగా వచ్చిన దవడలన్నిటికీ చోటు పేరు రాయడం మొదలుపెట్టాం. నాలుగో వారానికి ఒకే ఊరి పేరు మళ్ళీ మళ్ళీ కనిపించింది. బడి ముందు కొత్తగా వేసిన స్పీడ్ బ్రేకరు, రంగు లేదు, బోర్డు లేదు, పక్కన దీపం లేదు. ఒక ఉత్తరం రాసి కాగితాలు జతచేసి పంచాయతీకి పంపాం. పది రోజుల్లో సర్పంచ్‌గారు దాని మీద తెల్ల చారలు వేయించి కబురు పెట్టారు. ఆ ఊరి పేరు మా రిజిస్టర్‌లో తర్వాత అరుదుగా కనిపించింది.

చెప్పడానికి కష్టమైన భాగం ఇంకొకటుంది. "బాత్‌రూంలో జారి పడ్డాను డాక్టరుగారూ" అంటుంది ఆమె. పక్కన భర్త నిలబడి ఉంటాడు. మామూలుగా కాలు జారి ముందుకు పడినవాళ్ళు చేతులు అడ్డం పెడతారు. అరచేతులూ మోకాళ్ళూ దోక్కుపోతాయి. ముఖంలో పొడుచుకుని ఉన్నవి, అంటే ముక్కు, గడ్డం, నుదురు, తగులుతాయి. ఆమె అరచేతులు శుభ్రంగా ఉన్నాయి. ఎడమ చెంప అణిగిపోయింది, ఎడమ కన్ను ఎర్రబడింది. ఎదురుగా నిలబడి కొట్టేవాళ్ళలో ఎక్కువ మంది కుడిచేతివాళ్ళు, దెబ్బ ఎడమ చెంప మీద పడుతుంది. దవడ మీద పాత ప్లేటు మచ్చ కూడా ఉందనుకోండి. ఇది రుజువు అనను. ఎడమ చెంప మెట్టు మీద పడీ విరగవచ్చు. అడగవలసిన కారణం మాత్రం ఇదే. ఎక్స్‌రే పేరు చెప్పి ఆమెను లోపలికి తీసుకెళ్ళి, తలుపు వేసి, నర్సమ్మ పక్కన ఉండగా, "అమ్మా, ఎవరైనా కొట్టారా?" అని మెల్లగా అడగండి. మొదటిసారి చెప్పదు. రెండోసారి కుట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు చెప్పినవాళ్ళు నాకు తెలుసు. ఆమె చెప్పిన మాట ఆమె మాటల్లోనే రాయండి. చట్టం దృష్టిలో విరిగిన ఎముకా, ఊడిన పన్నూ తీవ్రమైన గాయం కిందికే వస్తాయి. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ అదే చెబుతోంది. అర్ధరాత్రి మీరు మెడికో లీగల్ కేసు (ఎంఎల్‌సీ) కాగితం మీద రాసిన ఒక్క వాక్యం, ఆమె ఎప్పుడో కోర్టు మెట్లెక్కిన రోజున ఆమె పక్షాన నిలబడే ఒకే ఒక్క సాక్షి కావచ్చు.

వేల్స్ దేశంలోని కార్డిఫ్‌లో జొనాథన్ షెపర్డ్ మా లాంటి దవడ సర్జనే. కొట్లాటల్లో ముఖం పగిలి వచ్చినవాళ్ళలో చాలామంది సంగతి పోలీసులకు తెలియనే తెలియదని ఆయన గుర్తించాడు. క్యాజువాల్టీలో చీటీ రాసేవాళ్ళ చేత మూడు సంగతులు అడిగించాడు: ఎక్కడ, ఎప్పుడు, దేనితో. పేర్లు తీసేసి ఆ వివరాలను పోలీసులకూ నగర పాలకులకూ అందించాడు. ఏ వీధిలో, ఏ తాగుడు దుకాణం ముందు, వారంలో ఏ రాత్రి కాపలా పెంచాలో వాళ్ళకు తెలిసింది. అలాంటి ఇతర నగరాలతో పోల్చితే కార్డిఫ్‌లో కొట్లాట గాయాలతో ఆస్పత్రిలో చేరేవాళ్ళు తగ్గారని 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆయనకు 2008లో నేరశాస్త్రంలో స్టాక్‌హోమ్ బహుమతి ఇచ్చారు. దవడలు అతికే డాక్టరుకు నేరశాస్త్రంలో బహుమతి రావడం విని మాస్టారు పసిపిల్లాడిలా సంతోషించారు. రిజిస్టర్‌లో గడులు కొట్టుకోవడానికి స్కేలూ పెన్సిలూ చాలు కదా అన్నారు. మన క్యాజువాల్టీల్లో ఆ గడులు ఇంకా రావలసే ఉన్నాయి.

ప్రశ్న ముఖ్యమన్నానని ఊపిరి కన్నా ముందు అడగమని కాదు. దవడ రెండువైపులా విరిగిన మనిషిని వెల్లకిలా పడుకోబెడితే నాలుక వెనక్కి జారి గొంతు మూసేస్తుంది. తనంతట తాను ముందుకు వంగి కూర్చుని నెత్తురు ఉమ్ముతున్నవాణ్ణి బలవంతంగా పడుకోబెట్టకండి. అతను తన ప్రాణం తానే కాపాడుకుంటున్నాడు. ముక్కు లోపలి గోడకు రెండు పక్కలా నల్లగా ఉబ్బి ఉంటే అది గడ్డకట్టిన నెత్తురు, అప్పుడే తీసెయ్యాలి. వదిలేస్తే ఆ గోడ కరిగిపోయి ముక్కు కుంగిపోతుంది. ముక్కులోంచి నీళ్ళలా కారుతుంటే జలుబనుకోవద్దు. ఊడిన పన్నును వేరు పట్టుకోకుండా ఎత్తి, పాలలో వేసి గంటలోపు తెమ్మని ఊరూరా చెప్పాలి. ఇవి పుస్తకాల్లో ఉన్నాయి, మీకు వస్తాయి.

మాస్టారు పోయే ముందు ఏడాది సంగతి చెప్పి ముగిస్తాను. ఒక తెల్లవారుజామున ఆయన మంచం మీద నుంచి లేచి రెండడుగులు వేసి బోర్లా పడ్డారు. గడ్డం కింద తెగింది. కొడుకు దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ డ్యూటీలో ఉన్నది ఇంకా హౌస్ సర్జన్‌షిప్ పూర్తికాని అమ్మాయి. ఈయన ఎవరో ఆమెకు తెలియదు, ఈయన చెప్పలేదు. కుట్లు వేసింది. చూపుడువేళ్ళు రెండు చెవుల ముందూ పెట్టి, "తాతగారూ, నోరు తెరవండి" అంది. తర్వాత పెన్ను తీసుకుని, "ఎలా పడ్డారు?" అని అడిగింది. లేవగానే కళ్ళు చీకట్లు కమ్మాయన్నారు. చేతులు ఎందుకు అడ్డం పెట్టుకోలేదని అడిగింది. పడుతున్నట్టే తెలియలేదన్నారు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. ఆ నెలలో ఎవరో డాక్టరు పెంచిన బీపీ మాత్ర పేరు అడిగి రాసుకుని, దాన్ని మళ్ళీ చూపించుకోమని చీటీ ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆయన నాకు ఫోన్ చేశారు. కుట్లతో మాట సరిగ్గా రావడం లేదు. గాయం గురించి ఒక్కమాటా చెప్పలేదు. "అడిగిందిరా" అన్నారు. "నేను చెప్పకుండానే అడిగింది."